ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్: హద్దు లేని పందెంలో ఆరితేరిన సూరత్ వర్తకుడు

ముంబై విశ్వవిద్యాలయ గ్రంథాలయం మీద నిలిచిన రాజాబాయి గడియార గోపురం ఎత్తు 280 అడుగులు. నగరానికి గుర్తుగా నిలిచే కట్టడాల్లో అదొకటి. దాన్ని చూసేవారిలో చాలామందికి రాజాబాయి ఎవరో తెలియదు. ఆమె సూరత్ నుంచి బొంబాయికి వలస వచ్చిన ఒక జైన వర్తకుడి భార్య. గోపురానికి డబ్బిచ్చింది ఆమె కొడుకు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. ఆ విరాళం ఇచ్చిన 1864 నాటికి ఆయన బొంబాయి పత్తి, షేర్ల మార్కెట్టుకు మకుటం లేని మహారాజు. 1866 నాటికి దివాలా తీశారు. ఆ మధ్య కాలంలో నగరమంతా ఒక పెద్ద పందెం ఆడి ఓడిపోయింది.

ఆయన పేకాట ఆడేవారని ఎవరూ చెప్పలేదు. అయినా ఆయన ఎదుగుదల, పతనం అర్థం కావాలంటే పేకాటలోని ఒక సంగతి తెలిసి ఉండాలి. ఆటలో ఎవరికి ఏ ముక్కలు పడ్డాయన్నది ఎంత ముఖ్యమో, ఒక్కో విడతలో ఎంత వరకు పందెం కాయవచ్చన్న నియమమూ అంతే ముఖ్యం. ఆటగాడు ఎంత తెలివైనవాడైనా ఆ నియమమే అతని నష్టానికి హద్దు గీస్తుంది. హద్దు లేకపోతే తెలివి కాపాడదు.

సూరత్ వీడిన కుటుంబం

సూరత్ అంటే ఇవాళ తెలుగువారికి చీరల మార్కెట్టు, మరమగ్గాలు గుర్తొస్తాయి. ఆ మగ్గాల మీద బతుకుతున్న పద్మశాలీ కుటుంబాలు అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. మొఘలుల కాలంలో అది దేశంలోకెల్లా పెద్ద రేవు. ప్రేమ్‌చంద్ అక్కడ పుట్టిన 1831 నాటికి ఆ వైభవం బొంబాయికి తరలిపోయింది. వ్యాపారం ఎటు వెళితే వర్తకులూ అటే వెళ్లారు. తండ్రి రాయ్‌చంద్ దీప్‌చంద్ కూడా కుటుంబంతో బొంబాయి చేరారు.

కొడుకుకు ఇంగ్లిష్ చదువు చెప్పించడం ఆ కుటుంబ జాతకాన్ని మార్చింది. ఆనాటి దేశీయ దళారుల్లో ఇంగ్లిష్ చదవడం, రాయడం, మాట్లాడటం మూడూ వచ్చిన మొదటివాడిగా ప్రేమ్‌చంద్‌ను చెబుతారు. రతన్‌చంద్ లాలా అనే దళారి దగ్గర కుర్రతనంలోనే పనిలో చేరి, యూరోపియన్ బ్యాంకులకూ కంపెనీలకూ నేరుగా వెళ్లి బేరాలు కుదిర్చేవారు. కలం, కాగితం పట్టకుండానే రోజంతా చేసిన బేరాలన్నీ గుర్తుపెట్టుకునేవారట. ఆయన జీవితం మీద 1913లో పుస్తకం రాసిన దిన్షా వాచా ఆ కాలాన్ని స్వయంగా చూసినవారు. ప్రేమ్‌చంద్ నిరాడంబరతను, మాట నిలబెట్టుకునే తీరును ఆయన మెచ్చుకున్నారు.

1840లలో బొంబాయిలో షేర్ల దళారులు అరడజను మంది. 1860లో 60 మంది. వారికి నాయకుడు ప్రేమ్‌చంద్. అప్పటికి ఆయన వయసు ముప్ఫై కూడా నిండలేదు.

పందెం ఎన్ని రకాలు?

అమెరికాలో మిసిసిపీ నది పడవల మీద పోకర్ ఆట వ్యాపించిన కాలమూ, ప్రేమ్‌చంద్ పుట్టిన కాలమూ దాదాపు ఒకటే. ఆ ఆటలో పందెం కట్టే పద్ధతులు ప్రధానంగా మూడు.

మొదటిది కచ్చిత పరిమితి, అంటే ఫిక్స్‌డ్ లిమిట్. ఎంత కాయాలో ముందే నిర్ణయం. మొదటి రెండు విడతల్లో 10 రూపాయలు, తర్వాతి రెండు విడతల్లో 20 రూపాయలు అనుకుందాం. ఒక విడతలో ఒక పందెం, దాని మీద మూడు పెంపులు మాత్రమే అనుమతిస్తారు. ఆటగాడు ఎంత మొండిగా ఆడినా నాలుగు విడతల్లో పోయేది 240 రూపాయలు.

రెండోది పాట్ లిమిట్. బల్ల మధ్యలో పోగైన సొమ్మును పాట్ అంటారు. పందెం ఆ మొత్తం దాకా పోవచ్చు. చూడటానికి ఇదీ హద్దే. కాని ఆ హద్దు ఆటతోపాటు పెరుగుతుంది. మధ్యలో 100 ఉంటే ఒకరు 100 కాసి, ఇంకొకరు దానికి సరిపెట్టగానే అది 300 అవుతుంది. తర్వాతి విడతలో 900, ఆపై 2,700, నాలుగో విడతకు 8,100. ఒక్కొక్కరి జేబులోంచి 4,000 పోయినట్టు. ఆట మొదలైనప్పుడు ఎవరూ అంత ఊహించరు.

మూడోది నో లిమిట్. ముందున్న సొమ్మంతా ఒకే దెబ్బలో కాయవచ్చు.

అయితే నో లిమిట్ ఆటకు కూడా ఒక కట్టుబాటు ఉంది. ఆట నడుస్తుండగా జేబులోంచి కొత్తగా డబ్బు తీయకూడదు, అప్పు తెచ్చి కలపకూడదు. బల్ల మీద తన ముందు ఎంత పెట్టుకుని కూర్చున్నాడో అంతే పందెం. ఎదుటివాడు అంతకు మించి కాస్తే, తన దగ్గరున్నది మొత్తం పెట్టి ఆ మేరకే పోటీలో ఉంటాడు. దీన్నే టేబుల్ స్టేక్స్ అంటారు. దీనివల్ల ఆటగాడు బల్ల మీద డబ్బంతా పోగొట్టుకోవచ్చు గాని, లేని డబ్బు పోగొట్టుకోలేడు.

మన మూడు ముక్కలాటలోనూ ఇలాంటి లెక్క ఉంది. ముక్కలు చూసినవాడు చూడనివాడి కంటే రెట్టింపు కట్టాలి. బయట ఇళ్లూ పొలాలూ పోయిన ఆటలను గమనిస్తే, చాలా వాటిలో నష్టం ముక్కలతో మొదలై ఉండొచ్చు గాని ముదిరింది మాత్రం అప్పుతో. బల్ల మీద లేని డబ్బును నోటిమాటతో కాయనిచ్చిన చోటే కొంపలు మునిగాయి.

పత్తి తెచ్చిన సిరి

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధించడంతో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది. ఆ లోటు తీర్చడానికి భారత పత్తి తప్ప దిక్కు లేకపోయింది. పశ్చిమ భారతం నుంచి వెళ్లే పత్తిని అక్కడ సూరత్ అనే పిలిచేవారు. పింజ పొట్టి, చెత్త ఎక్కువ, కల్తీ కూడా. లాంకషైర్ నేత కార్మికులకు ఆ మాట తిట్టుతో సమానం. దేవుణ్ని పత్తి పంపమని వేడుకుంటూనే, సూరత్ మాత్రం వద్దని మొక్కుకున్నారని ఆ రోజుల్లో చెప్పుకునేవారు. నచ్చకపోయినా కొనక తప్పలేదు.

ధర ఎన్నో రెట్లు పెరిగింది. ఆ గాలి మన వైపూ వీచింది. గుంటూరు ప్రాంతపు పత్తి కాకినాడ రేవు నుంచి ఎగుమతై ఆ పట్టణం పెరగడానికి దోహదం చేసింది. కాని అసలు వరద పారింది బొంబాయికి. యుద్ధం జరిగిన ఆ నాలుగైదేళ్లలో మామూలుగా వచ్చేదానికి అదనంగా 7 నుంచి 8 కోట్ల పౌండ్లు బొంబాయికి వచ్చాయని అంచనా. అప్పటి మారకం లెక్కలో అది 70, 80 కోట్ల రూపాయలు.

పత్తిలో ప్రేమ్‌చంద్‌ది ముందుచూపు. లివర్‌పూల్ ధరలు మోసుకొచ్చే ఓడ రేవుకు చేరకముందే చిన్న పడవలు పంపి కబురు తెప్పించుకునేవారని చెబుతారు. ముక్కలు ముందే చూసి పందెం కాయడం లాంటిదది. ఇంతవరకూ నైపుణ్యం. దీనిలో ఆయన్ను మించినవారు లేరు.

బొంబాయి ఆడిన మూడు ఆటలు

అంత డబ్బు ఎక్కడ పెట్టాలో నగరానికి తెలియలేదు. బ్యాంకులు, ఫైనాన్షియల్ అసోసియేషన్లు, సముద్రాన్ని పూడ్చి నేల తీసే కంపెనీలు పుట్టుకొచ్చాయి. 1865 జనవరి నాటికి బొంబాయిలో 31 బ్యాంకులు, 16 ఫైనాన్షియల్ అసోసియేషన్లు, 8 భూమి కంపెనీలు ఉన్నాయి. దళారులు 200 నుంచి 250 మంది దాకా అయ్యారు. కొత్త కంపెనీ ఏదైనా ప్రేమ్‌చంద్ పేరు ఉంటేనే నిలబడేది. షేర్లు ఎవరికి దక్కాలో ఆయన మాట మీద నడిచేది. షేరు దక్కడమంటే ప్రీమియం జేబులో పడటమే. అందుకే ఆయన ఇంటి ముందు తెల్లవారకముందే జనం.

పందెం నియమాల దృష్టితో చూస్తే అక్కడ ఒకేసారి మూడు ఆటలు నడిచాయి.

ఒకటి, సగం చెల్లించిన షేర్లు. షేరు ముఖ విలువలో కొంతే ముందు కట్టి, మిగతాది కంపెనీ అడిగినప్పుడు కట్టాలి. అడగడాన్ని ఇప్పటికీ కాల్ అనే అంటారు. ఇది కచ్చిత పరిమితి ఆట. ఎంత కట్టాల్సి వస్తుందో కాగితం మీద రాసి ఉంటుంది. దీనివల్ల నష్టపోవచ్చు గాని, ఆ నష్టం ముందే తెలుస్తుంది.

రెండు, షేర్ల తాకట్టు మీద అప్పు. షేరు ధర పెరిగితే దాని మీద పుట్టే అప్పు పెరుగుతుంది. ఆ అప్పుతో మరిన్ని షేర్లు కొంటే ధర ఇంకా పెరుగుతుంది. ఇది అచ్చంగా పాట్ లిమిట్. పేరుకు హద్దు ఉంది, కాని ఆ హద్దును ఆటే పెంచుకుంటూ పోతుంది. దిగేటప్పుడూ ఇదే లెక్క తిరగబడుతుంది.

మూడు, వాయిదా బేరాలు. రాబోయే ఫలానా తేదీన ఫలానా ధరకు కొంటానని మాట ఇస్తే చాలు, ఈ రోజు పైసా కట్టనక్కర్లేదు. ఆ తేదీన ధరల తేడా ఇచ్చిపుచ్చుకోవడమే. ఇది నో లిమిట్, పైగా టేబుల్ స్టేక్స్ లేని నో లిమిట్. ఉదాహరణకు ఒక్కోటి 30,000 చొప్పున పది షేర్లు కొంటానన్నవాడు మూడు లక్షల బాధ్యత నెత్తికెత్తుకున్నట్టు. అతని దగ్గర మూడు వందలు ఉన్నాయా అని అడిగినవారు లేరు.

ఈ పిచ్చికి ప్రతీక బ్యాక్ బే రెక్లమేషన్ కంపెనీ. సముద్రం పూడ్చి నేల తీస్తామన్న ఆ సంస్థ షేరు మీద చెల్లించింది 5,000 రూపాయలు. బొంబాయి ప్రభుత్వమే 400 షేర్లు తీసుకోబోతే కలకత్తాలోని భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. వాటిని వేలం వేస్తే ఒక్కోటి 25 వేలకు పైగా పలికింది. ఆ తర్వాత షేరు 50,000 దాకా పోయింది. నేల మాత్రం ఇంకా నీళ్లలోనే ఉంది.

బ్యాంకు తలుపులు తీసినవారు

ఏ జూదశాలలోనైనా చివరి అడ్డు అప్పిచ్చేవాడే. ఆ అడ్డు బొంబాయిలో 1863లో తొలగింది. 1840లో ఏర్పడిన బ్యాంక్ ఆఫ్ బొంబాయిలో ప్రభుత్వానికీ వాటా ఉంది, కొందరు డైరెక్టర్లను ప్రభుత్వమే నియమించేది. ఏ హామీ మీద అప్పివ్వాలో దాని పాత చట్టంలో కట్టుబాట్లు ఉండేవి. 1863 చట్టం వాటిని సడలించి షేర్ల మీద అప్పులకు దారి తెరిచింది. ప్రేమ్‌చంద్ ఆ బ్యాంకుకు డైరెక్టర్ అయ్యారు. బ్యాంకు కార్యదర్శి ఆయన మాట జవదాటేవాడు కాదు. ఆయన పేరు మీద, ఆయన చెప్పినవారి పేరు మీద అప్పులు పుట్టాయి. ఆయనే వెనకుండి నడిపించిన ఏషియాటిక్ బ్యాంకింగ్ కార్పొరేషన్ ఎలాగూ చేతిలోదే.

ఇక్కడ ప్రేమ్‌చంద్‌ను వెనకేసుకురావడం కుదరదు. ఒకే మనిషి పందెం కాసేవాడు, ముక్కలు పంచేవాడు, అప్పిచ్చేవాడు కావడం ఏ ఆటలోనూ ఒప్పుకోరు. ఆయన దురుద్దేశంతో చేశారా అన్నది వేరే ప్రశ్న. తానే చూపిన ధరలను తానే నమ్మారనడానికి రుజువు, చివరి దాకా తన సొమ్ము బయటికి తీసుకోకపోవడం. కాని బ్యాంకులో సొమ్ము ఆయనది కాదు.

1865 జూలై 1

1865 ఏప్రిల్ 9న జనరల్ లీ లొంగిపోయాడు. అమెరికా యుద్ధం ముగిసింది. కబురు బొంబాయి చేరగానే పత్తి ధర కూలింది, దానితోపాటు షేర్లూ. వాయిదా బేరాల్లో పెద్ద భాగానికి గడువు జూలై 1. ఆ రోజు కొనాల్సినవాడి దగ్గర డబ్బు లేదు. అతను డబ్బు ఇస్తేనే తన బాకీ తీర్చగలిగినవాడు మరొకరికి ఇవ్వలేకపోయాడు. టేబుల్ స్టేక్స్ ఉన్న ఆటలో ఒకడు ఓడితే ఒకడే లేచిపోతాడు. ఆ నియమం లేని ఆటలో ఓడినవాడితోపాటు గెలిచినవాడూ లేచిపోవాలి, ఎందుకంటే అతని గెలుపు కాగితం మీదే ఉంది. బొంబాయిలో జరిగింది అదే.

ఆ ఏడాదే బొంబాయి శాసనసభ పందేల మీద కొత్త చట్టం తెచ్చింది. పందెం ఒప్పందం కోర్టులో చెల్లదని 1848 నాటి చట్టమే చెప్పింది. 1865 బొంబాయి మూడో చట్టం, పందేనికి తోడుగా చేసుకున్న ఇతర ఒప్పందాలూ చెల్లవంది. అయితే వాయిదా బేరం పందెమా, వ్యాపారమా? సరుకు నిజంగా చేతులు మారే ఉద్దేశం ఉంటే వ్యాపారం, తేడా డబ్బు మాత్రమే లక్ష్యమైతే పందెం. ఈ గీత ఎక్కడ గీయాలన్నది ఆ తర్వాత కూడా కోర్టులను చాలాకాలం వేధించింది.

ప్రేమ్‌చంద్ కొన్ని నెలలు నెట్టుకొచ్చి 1866లో చేతులెత్తేశారు. బ్యాంక్ ఆఫ్ బొంబాయి షేరు ఒకప్పుడు 2,850 పలికింది, చివరికి 87 రూపాయలకు దొరికింది. రెండు కోట్లకు పైగా ఉన్న మూలధనంలో చాలా భాగం తుడిచిపెట్టుకుపోయి 1868లో బ్యాంకు మూతపడింది. సర్ చార్లెస్ జాక్సన్ అధ్యక్షతన ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. కట్టుబాట్లు తీసేసిన చట్టం, బాధ్యత వదిలేసిన కార్యదర్శులు, కళ్లు మూసుకున్న డైరెక్టర్లు, అసాధారణమైన కాలం, అందరికీ ఆ సంఘం వాటా పంచింది. దాని స్థానంలో వచ్చిన కొత్త బ్యాంక్ ఆఫ్ బొంబాయి తర్వాత ఇంపీరియల్ బ్యాంకులో, ఆపై మన స్టేట్ బ్యాంకులో కలిసింది.

ఇచ్చింది మిగిలింది

దివాలా తర్వాత ప్రేమ్‌చంద్ నలభై ఏళ్లు బతికారు. ఊరు విడిచి పారిపోలేదు. మళ్లీ దళారిగానే పనిచేసుకున్నారు. పాత హోదా తిరిగి రాలేదు, మర్యాద మాత్రం మిగిలింది.

ఆయన సంపాదనలో చెక్కుచెదరకుండా నిలిచింది దానంగా ఇచ్చినదే. బొంబాయి విశ్వవిద్యాలయానికి గ్రంథాలయం కోసం రెండు లక్షలు, గడియార గోపురం కోసం మరో రెండు లక్షలు ఇచ్చారు. 1869లో మొదలైన గోపురం 1878లో పూర్తయింది. తల్లికి చూపు లేదని, సూర్యాస్తమయంలోపే భోజనం చేయాలన్న జైన నియమం పాటించడానికి ఆ గంటలు ఆమెకు వేళ తెలిపేవని ఒక కథ ఉంది. కలకత్తా విశ్వవిద్యాలయానికి రెండు లక్షలు ఇచ్చారు. ఆ నిధితో ఏర్పడిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ స్కాలర్‌షిప్ పొందినవారిలో అశుతోష్ ముఖర్జీ, చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ ఉన్నారు. పుట్టిన ఊరినీ మరవలేదు. సూరత్‌లో తండ్రి పేరిట బాలికల పాఠశాలకు అండగా నిలిచారు.

మరో వారసత్వం మన విషయానికి ఇంకా దగ్గరిది. 1875 జూలై 9న దళారులు నేటివ్ షేర్ అండ్ స్టాక్ బ్రోకర్స్ అసోసియేషన్ ఏర్పాటు చేసుకున్నారు. సభ్యులు 318 మంది, ప్రవేశ రుసుము ఒక రూపాయి. స్థాపకుల్లో ప్రేమ్‌చంద్ ఒకరు. ఇవాళ్టి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్ మూలం అదే. చెట్ల కింద నోటిమాటగా సాగిన బేరాలకు సభ్యత్వం, నియమావళి వచ్చాయి. ఆట ఆపలేదు, ఆడే పద్ధతి దిద్దారు. ప్రేమ్‌చంద్ 1906లో కన్నుమూశారు.

నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదన

పోకర్, రమ్మీ మీద మన దగ్గర వాదన ఎప్పుడూ ఒకే చోట తిరుగుతుంది. అది నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా? 2017లో గుజరాత్ హైకోర్టు పోకర్‌ను జూదంగానే చూసింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. నైపుణ్యం ఉన్నా లేకపోయినా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు కుదరవని 2025లో కేంద్రం చట్టం చేసింది.

ప్రేమ్‌చంద్ జీవితం ఈ వాదనకు మరో వైపు చూపిస్తుంది. ఆ కాలంలో ఆయన కంటే నైపుణ్యం ఉన్నవారు లేరు. ధరలు తెలుసు, మనుషులు తెలుసు, కబురు అందరికంటే ముందు అందేది. ఆ తెలివి ఆయన్ను కాపాడలేదు, ఆయన్ను నమ్మి వచ్చినవారినీ కాపాడలేదు. అడగాల్సిన ప్రశ్న మరొకటి: ఆడేవాడు తన ముందున్న సొమ్ముకు మించి పోగొట్టుకోవడానికి ఈ ఆటలో దారి ఉందా? ఆ దారికి అప్పు ఎవరిస్తున్నారు?

ఇది పేకాటకే పరిమితం కాదు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని 2024 సెప్టెంబరులో సెబీ అధ్యయనం తేల్చింది. ఆ వెంటనే సెబీ చేసింది నిషేధం కాదు. ఒప్పందం కనీస పరిమాణం పెంచింది, వారం వారం ముగిసే ఒప్పందాలను తగ్గించింది, ఆప్షన్ ప్రీమియం ముందే కట్టాలంది. అంటే పందెం కట్టే పద్ధతిని మార్చింది. ఆ మార్పులు సరిపోతాయా అన్నది కాలం చెబుతుంది. ఫోన్ తెర మీద ఆర్డర్ పెట్టే కుర్రవాడు మాత్రం లాభం లెక్క వేసుకునే ముందు ఒక పని చేయవచ్చు. ఈ బేరం తిరగబడితే తనకు పోయేది ఎంతో కాగితం మీద అంకె వేసి చూసుకోవచ్చు. ఆ అంకె రాయలేకపోతే అది తాను కూర్చోవాల్సిన బల్ల కాదు.